బీన్‌యుటిల్స్‌తో ఆబ్జెక్ట్ కాపీ: ఏ ఫీల్డూ జారిపోకుండా, ఏ లిస్టూ ఉమ్మడిగా మిగలకుండా

"కాపీప్రాపర్టీస్ కాల్ చేశాను, ఎర్రర్ ఏమీ రాలేదు, కానీ సగం ఫీల్డులు ఖాళీగా ఉన్నాయి, ఎందుకు?" ఈ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. దాని వెనకే ఇంకోటి వస్తుంది: "కాపీలో అడ్రస్ మారిస్తే అసలు ఆబ్జెక్ట్‌లో కూడా మారిపోతోంది." రెండింటికీ మూలం ఒక్కటే. కాపీప్రాపర్టీస్ అనేది ఒక ఆబ్జెక్ట్‌లోని విలువలను ఇంకో ఆబ్జెక్ట్‌లోని అదే పేరున్న ఫీల్డుల్లోకి కాపీ చేసే బీన్‌యుటిల్స్ మెథడ్. ఈ లైబ్రరీ చేయలేని పనిని చేయలేనని చెప్పదు, నిశ్శబ్దంగా వదిలేసి ముందుకు వెళ్తుంది. కాబట్టి ఏం కాపీ అయింది, ఏం కాలేదు అన్నది మనమే ముందు నిర్ణయించుకుని, తర్వాత మనమే సరిచూసుకోవాలి.

కింద ఉన్నదంతా జావా గురించి, అందులోనూ ఎక్కువమంది వాడే రెండు లైబ్రరీల గురించి: స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్‌లోని బీన్‌యుటిల్స్, అపాచీ కామన్స్ బీన్‌యుటిల్స్. అడుగులను ఇదే వరుసలో చేయండి. మొదటి మూడూ కోడ్ రాయకముందు చేయాల్సినవి, చాలామంది వదిలేసేవీ అవే.

1. మీ ఫైల్‌లో ఉన్నది ఏ బీన్‌యుటిల్సో చూడండి

రెండు లైబ్రరీల్లోనూ క్లాస్ పేరు ఒకటే, మెథడ్ పేరు ఒకటే. కానీ వాటికి ఇచ్చే ఆబ్జెక్టుల వరుస తిరగబడి ఉంటుంది. స్ప్రింగ్‌లో ముందు సోర్స్ (దేన్నుంచి కాపీ చేయాలో అది), తర్వాత టార్గెట్ (దేనిలోకి చేయాలో అది). అపాచీలో ముందు టార్గెట్, తర్వాత సోర్స్. రెండూ ఏ రకం ఆబ్జెక్ట్‌నైనా తీసుకుంటాయి కాబట్టి తారుమారు చేసినా కంపైలర్ నోరు మెదపదు.

నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో సరిగ్గా ఇదే జరిగింది. ఎవరో ఇంపోర్ట్ లైన్‌ను అపాచీ నుంచి స్ప్రింగ్‌కు మార్చారు, కింద ఉన్న కాల్స్ మాత్రం పాత వరుసలోనే ఉండిపోయాయి. అప్‌డేట్ చేసినప్పుడు రిక్వెస్ట్‌లో వచ్చిన కొత్త వివరాలు ఎంటిటీలోకి, అంటే డేటాబేస్‌లో సేవ్ అయ్యే ఆబ్జెక్ట్‌లోకి, వెళ్లాల్సింది పోయి, ఎంటిటీలోని పాత వివరాలే రిక్వెస్ట్ మీదకు కాపీ అయ్యాయి. సేవ్ అయినట్టు మెసేజ్ వస్తుంది, ఏమీ మారదు. అపాచీ మెథడ్ చెక్డ్ ఎక్సెప్షన్లు (కోడ్‌లో పట్టించుకోవాల్సిందేనని కంపైలర్ పట్టుబట్టే ఎర్రర్లు) విసురుతుంది, స్ప్రింగ్‌ది విసరదు. కాబట్టి క్యాచ్ బ్లాక్‌లో ఆ ఎక్సెప్షన్ల పేర్లే రాసి ఉంటే కంపైలర్ పట్టేసేది. అక్కడ అన్నిటినీ పట్టే ఎక్సెప్షన్ అని రాసి ఉంది, దాంతో అదీ పట్టలేదు. మూడు రోజులు వెతికాం.

ఇంకో పెద్ద తేడా టైపుల మార్పిడి. పేరు ఒకటే అయినా టైపులు సరిపోకపోతే స్ప్రింగ్ ఆ ఫీల్డును వదిలేస్తుంది. అపాచీ మార్చడానికి ప్రయత్నిస్తుంది, "25" అనే స్ట్రింగ్‌ను ఇంటిజర్‌గా మారుస్తుంది. వినడానికి బాగుంటుంది గానీ, సెట్టింగులు ఏమీ మార్చకపోతే అంకె కాని స్ట్రింగ్ వచ్చినప్పుడు ఎర్రర్ ఇవ్వకుండా 0 పెట్టేస్తుంది. పరిమాణం, మొత్తం లాంటి ఫీల్డుల్లో ఇలా వచ్చిన సున్నా ఎంత నష్టం చేస్తుందో చెప్పక్కర్లేదు. అందుకే, ప్రాజెక్టులో ఇప్పటికే స్ప్రింగ్ ఉంటే కాపీ కోసం స్ప్రింగ్‌దే వాడమని నా సలహా.

అపాచీదే వాడాల్సి వస్తే వెర్షన్ 1.11.0 లేదా ఆ తర్వాతిది పెట్టుకోండి, అంతకు ముందువాటిలో భద్రతా లోపాలు ఉన్నాయి.

చెక్‌లిస్ట్:
- ఇంపోర్ట్ లైన్ చదివాను, ఏ లైబ్రరీయో తెలుసు
- ప్రాజెక్టు మొత్తంలో ఈ రెండింటిలో ఒక్కటే వాడుతున్నాం
- ప్రతి కాల్‌లోనూ వరుస సరిగ్గా ఉంది

2. ఫీల్డులను మూడు గుంపులుగా రాసుకోండి

ఒక కాగితం తీసుకుని టార్గెట్ క్లాస్‌లోని ఫీల్డులన్నీ రాయండి. మూడు గుంపులు చేయండి: అలాగే వెళ్లాల్సినవి, అసలు వెళ్లకూడనివి, వెళ్లాలి గానీ సొంత కాపీగా వెళ్లాల్సినవి.

ఉదాహరణకు ఆర్డర్ అనే క్లాస్‌నే తీసుకుందాం. పాత ఆర్డర్ నుంచి కొత్త ఆర్డర్ తయారుచేయాలి. ఆర్డర్ పేరు, మొత్తం, డెలివరీ తేదీ అలాగే వెళ్తాయి. ఐడీ, సృష్టించిన సమయం, వెర్షన్ నంబర్ వెళ్లకూడదు. అడ్రస్ ఆబ్జెక్ట్, ఐటమ్స్ లిస్ట్ వెళ్లాలి, కానీ పాత ఆర్డర్‌తో తెగతెంపులు చేసుకుని వెళ్లాలి.

స్ట్రింగ్, ఇంటిజర్, బిగ్‌డెసిమల్, లోకల్‌డేట్ లాంటివి మొదటి గుంపులోకే వస్తాయి. వాటిని ఒకసారి తయారయ్యాక ఎవరూ మార్చలేరు కాబట్టి రెండు ఆబ్జెక్టులు ఒకే స్ట్రింగ్‌ను పట్టుకుని ఉన్నా ప్రమాదం లేదు. పాత యుటిల్ ప్యాకేజీలోని డేట్ క్లాస్ అలా కాదు, దాని లోపలి సమయాన్ని మార్చొచ్చు, అందుకని అది మూడో గుంపు. లిస్ట్, మ్యాప్, సెట్, అరే, మీరు రాసుకున్న క్లాసులు కూడా మూడో గుంపే.

ఈ కాగితం దగ్గర పెట్టుకోండి, చివర్లో టెస్ట్ రాసేటప్పుడు మళ్లీ కావాలి.

3. గెట్టర్, సెట్టర్, టైప్ సరిచూడండి

బీన్‌యుటిల్స్ ఫీల్డులను నేరుగా ముట్టుకోదు. టార్గెట్‌లో సెట్టర్ (విలువ పెట్టే మెథడ్) ఉన్న ప్రతి ప్రాపర్టీకీ, సోర్స్‌లో అదే పేరుతో గెట్టర్ (విలువ ఇచ్చే మెథడ్) ఉందా అని చూస్తుంది. లేకపోతే వదిలేస్తుంది. ఎర్రర్ లేకుండానే ఫీల్డ్ ఖాళీగా మిగలడానికి కారణాలు దాదాపు అన్నీ ఇక్కడే దొరుకుతాయి.

పేరు: ఒక క్లాస్‌లో ఫోన్, ఇంకో క్లాస్‌లో ఫోన్‌నంబర్ అని ఉంటే కాపీ కాదు. పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడా కూడా తేడాయే.

టైప్: సోర్స్‌లో ఇంటిజర్, టార్గెట్‌లో లాంగ్ అయితే స్ప్రింగ్ దాటేస్తుంది. ఐడీల విషయంలో ఇది తరచూ జరుగుతుంది, ఒకరు ఇంటిజర్ అని రాస్తారు, ఇంకొకరు లాంగ్ అని. సోర్స్‌లో స్ట్రింగ్, టార్గెట్‌లో ఈనమ్ (ముందే నిర్ణయించిన కొన్ని విలువల టైప్) అయినా అంతే.

ప్రిమిటివ్ (ఇంట్ లాంటి, నల్ పట్టని మూల టైప్), రాపర్ (దాన్ని చుట్టిన, నల్ పట్టే ఆబ్జెక్ట్ టైప్): రాపర్ ఇంటిజర్ నుంచి ప్రిమిటివ్ ఇంట్‌కు కాపీ అవుతుంది, కానీ అందులో నల్ ఉంటే మాత్రం ప్రాపర్టీని కాపీ చేయలేకపోయానని స్ప్రింగ్ ఎక్సెప్షన్ ఇస్తుంది. నోరు తెరిచి చెప్పే కొద్ది సందర్భాల్లో ఇదొకటి.

బూలియన్: ఇక్కడ మీరు ఒక్క నిమిషం ఆగాలి. "ఈజ్" తో మొదలయ్యే గెట్టర్‌ను జావా ప్రిమిటివ్ బూలియన్‌కు మాత్రమే గెట్టర్‌గా గుర్తిస్తుంది. రాపర్ బూలియన్‌కు గెట్టర్ "గెట్" తోనే మొదలవ్వాలి. దీనికి తోడు ఫీల్డ్ పేరే ఈజ్‌యాక్టివ్ అని పెట్టి లోంబాక్ (గెట్టర్లు, సెట్టర్లు తానే తయారుచేసే లైబ్రరీ) వాడితే, ప్రిమిటివ్‌కు ప్రాపర్టీ పేరు యాక్టివ్ అవుతుంది, రాపర్‌కు ఈజ్‌యాక్టివ్ అవుతుంది. సోర్స్‌లో ఒకటి, టార్గెట్‌లో ఒకటి ఉంటే పేర్లు ఎప్పటికీ కలవవు. బూలియన్ ఫీల్డుల పేర్లకు ముందు ఈజ్ పెట్టకపోతే ఈ తలనొప్పే ఉండదు.

జెనరిక్ లిస్టులు: సోర్స్‌లో ఐటమ్‌డీటీఓల (వివరాలు మోసుకెళ్లడానికే ఉన్న ఆబ్జెక్టుల) లిస్ట్, టార్గెట్‌లో ఐటమ్ ఎంటిటీల లిస్ట్ ఉందనుకోండి. స్ప్రింగ్ 5.3 నుంచి లోపలి టైప్ కూడా చూసి, కలవకపోతే వదిలేస్తుంది. అంతకుముందు వెర్షన్లలో లిస్ట్ అయితే చాలని కాపీ చేసేసేది, తర్వాత ఎక్కడో సంబంధం లేని చోట ఆ లిస్ట్‌ను చదివినప్పుడు క్లాస్ కాస్ట్ ఎక్సెప్షన్ పేలేది. స్ప్రింగ్ అప్‌గ్రేడ్ చేశాక "నిన్నటిదాకా వచ్చిన లిస్ట్ ఇవాళ రావట్లేదు" అనిపిస్తే ముందు ఇక్కడ చూడండి.

సెట్టర్ తననే తిరిగి ఇచ్చే చైనింగ్ పద్ధతిలో రాసి ఉంటే అపాచీ మామూలుగా దాన్ని సెట్టర్‌గా గుర్తించదు. రికార్డులకు (తయారయ్యాక ఫీల్డులు మారని జావా క్లాసులకు) సెట్టర్లే ఉండవు కాబట్టి రికార్డ్ టార్గెట్‌గా పనికిరాదు, దానికి కన్‌స్ట్రక్టర్ వాడాల్సిందే.

4. కాల్‌ను ఒక్క మెథడ్‌లో బంధించండి

కాపీప్రాపర్టీస్ కాల్‌ను సర్వీసుల్లో, కంట్రోలర్లలో ఎక్కడపడితే అక్కడ రాయకండి. కాపీఆర్డర్ అని ఒక మెథడ్ పెట్టి, కాపీకి సంబంధించిన ప్రతి నిర్ణయం దాని లోపలే ఉంచండి. రేపు ఒక ఫీల్డ్ చేరితే మార్చాల్సిన చోటు ఒక్కటే అవుతుంది.

ఆ మెథడ్ లోపల వరుస ఇలా ఉండాలి:

- సోర్స్ నల్ అయితే ఏం చేయాలో ముందే తేల్చండి, నల్ ఇస్తే స్ప్రింగ్ ఎక్సెప్షన్ విసురుతుంది
- కొత్త ఖాళీ టార్గెట్ తయారు చేయండి
- కాపీప్రాపర్టీస్‌కు సోర్స్, టార్గెట్ ఇచ్చి, ఆ తర్వాత రెండో గుంపులోని పేర్లు, మూడో గుంపులోని పేర్లు అన్నీ వదిలేయాల్సినవిగా ఇవ్వండి
- మూడో గుంపు ఫీల్డులను మీరే ఒక్కొక్కటిగా సెట్ చేయండి
- పేరు లేదా టైప్ కలవనివాటిని మీరే సెట్ చేయండి
- టార్గెట్‌ను తిరిగి ఇవ్వండి

మూడో గుంపును కూడా వదిలేయమని ఎందుకంటున్నానంటే, తర్వాత మీరు ఎలాగూ వాటిని సెట్ చేస్తారు కదా అని ఊరుకుంటే, ఎప్పుడో ఒకరోజు ఆ లైన్ ఎవరో తీసేస్తారు, పాత లిస్టే కొత్త ఆబ్జెక్ట్‌లో ఉండిపోతుంది, ఎవరికీ తెలియదు. ముందే వదిలేస్తే కనీసం నల్ కనిపించి వెంటనే దొరుకుతుంది.

వదిలేయాల్సిన పేర్లు స్ట్రింగులుగా ఇస్తాం. అక్షరదోషం ఉంటే ఎర్రర్ రాదు, ఆ ఫీల్డ్ కాపీ అయిపోతుంది, అంతే. ఫీల్డ్ పేరు మార్చినప్పుడు ఈ స్ట్రింగులను కూడా వెతికి మార్చండి. చుక్క పెట్టి అడ్రస్ లోపలి పిన్‌కోడ్‌ను వదిలేయమని చెప్పడం కుదరదు, పేర్లు పై స్థాయివే అయ్యుండాలి.

ఇంకో ముఖ్యమైన మాట. బయట నుంచి వచ్చిన రిక్వెస్ట్‌ను నేరుగా ఎంటిటీ మీదకు కాపీ చేస్తుంటే, రిక్వెస్ట్ క్లాస్‌లో యూజర్ మార్చడానికి హక్కున్న ఫీల్డులు మాత్రమే ఉండాలి. పాత్ర, బ్యాలెన్స్, అడ్మినా కాదా లాంటి ఫీల్డ్ ఆ క్లాస్‌లో ఉందంటే, ఎవరైనా దాన్ని పంపి తమను తాము అడ్మిన్ చేసుకోగలరు. వదిలేసే లిస్ట్ మీద ఆధారపడకండి, ఆ ఫీల్డే క్లాస్‌లో లేకుండా చేయండి.

5. లోపలి ఆబ్జెక్టులను విడగొట్టండి

అన్ని అడుగుల్లోకీ నేను ఎక్కువ సమయం పెట్టమనేది ఇక్కడ. కాపీప్రాపర్టీస్ చేసేది పైపై కాపీ, అంటే షాలో కాపీ. అడ్రస్ ఫీల్డ్‌ను కాపీ చేసినప్పుడు కొత్త అడ్రస్ పుట్టదు, రెండు ఆర్డర్లూ ఒకే అడ్రస్ వైపు చూస్తుంటాయి. ఒకే ఇంటికి రెండు తాళంచెవులు చేయించినట్టు. ఎవరు లోపలికెళ్లి గోడ రంగు మార్చినా ఇద్దరికీ మారుతుంది.

అడ్రస్‌కు: కొత్త అడ్రస్ ఆబ్జెక్ట్ చేసి, పాత అడ్రస్ నుంచి దానిలోకి మళ్లీ కాపీప్రాపర్టీస్ కాల్ చేయండి. పాతది నల్ అయితే ఈ పని చేయకూడదు, ముందు అది చూడండి. అడ్రస్ లోపల ఇంకో ఆబ్జెక్ట్ ఉంటే దానికీ ఇదే పద్ధతి.

లిస్ట్‌కు: ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. కొత్త అరేలిస్ట్‌లోకి పాత లిస్ట్‌ను వేసేసి డీప్ కాపీ చేశామనుకుంటారు. మారింది లిస్ట్ మాత్రమే, లోపలి ఐటమ్‌లు పాతవే. ఒక ఐటమ్‌ను కొత్త లిస్ట్‌లోంచి తీసేస్తే పాత లిస్ట్‌కు ఏమీ కాదు, నిజమే. కానీ ఆ ఐటమ్ పరిమాణాన్ని 2 నుంచి 5కు మారిస్తే పాత ఆర్డర్‌లో కూడా 5 అవుతుంది. లిస్ట్‌కాపీఆఫ్ వాడినా ఇదే కథ. ప్రతి ఐటమ్‌కూ కొత్త ఆబ్జెక్ట్ చేసి, కాపీ చేసి, కొత్త లిస్ట్‌లో పెట్టాలి. స్ట్రీమ్‌తో మ్యాప్ చేసి చివర టులిస్ట్ వాడితే వచ్చే లిస్ట్‌లో మార్పులు కుదరవని గుర్తుంచుకోండి, తర్వాత ఐటమ్ చేర్చబోతే ఎక్సెప్షన్ వస్తుంది. మార్పులు అవసరమైతే అరేలిస్ట్‌లోకే సేకరించండి.

తల్లి, పిల్ల సంబంధం: ఐటమ్ లోపల తన ఆర్డర్ వైపు చూసే ఫీల్డ్ ఉందా? ఉంటే ఐటమ్‌ను కాపీ చేసినప్పుడు అది పాత ఆర్డర్‌నే చూపిస్తుంది. కొత్త ఐటమ్‌లో ఆర్డర్‌గా కొత్త ఆర్డర్‌ను సెట్ చేయండి. ఈ ఒక్క లైన్ మర్చిపోయి, కొత్త ఆర్డర్‌ను సేవ్ చేస్తే ఐటమ్‌లన్నీ పాత ఆర్డర్ కిందకు చేరిపోవడం చాలా ప్రాజెక్టుల్లో కనిపించే తప్పు.

అంతా ఒకేసారి లోతుగా కాపీ చేసే దారి కావాలంటే అపాచీ కామన్స్ లాంగ్‌లో సీరియలైజేషన్‌యుటిల్స్ ఉంది, అందులోని క్లోన్ మెథడ్ మొత్తం ఆబ్జెక్ట్‌ను బైట్లుగా మార్చి మళ్లీ కొత్తగా కడుతుంది. తల్లి, పిల్ల ఒకదాన్నొకటి చూపించే చక్రాలను కూడా సరిగ్గా పట్టుకుంటుంది. షరతులు: లోపలి ప్రతి క్లాస్ సీరియలైజబుల్ అవ్వాలి, ట్రాన్సియెంట్ ఫీల్డులు (బైట్లుగా మార్చవద్దని గుర్తు పెట్టినవి) రావు, చేత్తో రాసిన కాపీ కంటే ఎన్నో రెట్లు నెమ్మది. అప్పుడప్పుడు చేసే పనికి సరే, లూప్‌లో వద్దు. జాక్సన్ అనే లైబ్రరీతో జేసన్ టెక్స్ట్‌గా మార్చి వెనక్కి తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు, అక్కడ చక్రం ఉంటే అంతులేని రికర్షన్‌లో పడిపోతుంది.

చెక్‌లిస్ట్:
- మూడో గుంపులో ప్రతి ఫీల్డ్‌కూ కొత్త ఆబ్జెక్ట్ పుడుతోంది
- లిస్ట్‌తో పాటు లోపలి ఐటమ్‌లూ కొత్తవే
- పిల్ల ఆబ్జెక్టులు కొత్త తల్లినే చూపిస్తున్నాయి
- నల్‌గా ఉన్న లోపలి ఆబ్జెక్ట్ దగ్గర కోడ్ కూలిపోవట్లేదు

6. అప్‌డేట్ అయితే నల్ విలువల సంగతి తేల్చండి

కొత్త ఆబ్జెక్ట్ తయారీ వేరు, ఉన్నదాన్ని అప్‌డేట్ చేయడం వేరు. యూజర్ ఫోన్ నంబర్ ఒక్కటే మార్చి పంపాడనుకోండి, మిగతా ఫీల్డులు నల్‌గా వస్తాయి. స్ప్రింగ్ ఆ నల్స్‌ను కూడా నమ్మకంగా కాపీ చేస్తుంది, పేరు, ఈమెయిల్ అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

పరిష్కారం: సోర్స్‌లో నల్‌గా ఉన్న ప్రాపర్టీల పేర్లు సేకరించే చిన్న మెథడ్ రాసుకోండి. స్ప్రింగ్‌లోని బీన్‌రాపర్‌ఇంప్ల్‌కు సోర్స్‌ను ఇచ్చి, దాని ప్రాపర్టీలన్నీ తిరిగి, విలువ నల్ అయిన పేర్లను ఒక సెట్‌లో వేయండి. ఆ పేర్లతో పాటు రెండో గుంపు పేర్లు, మూడో గుంపు పేర్లు కూడా కలిపి, అన్నిటినీ వదిలేయాల్సినవిగా కాపీప్రాపర్టీస్‌కు ఇవ్వండి. రెండో గుంపును కలపడం మర్చిపోయి ఐడీ మార్చేసినవాళ్లు ఉన్నారు.

ఇది పనిచేయాలంటే రిక్వెస్ట్ క్లాస్‌లో ప్రిమిటివ్‌లు ఉండకూడదు. ఇంట్ అని రాస్తే పంపని విలువ నల్ కాదు, 0, అది వెళ్లి అసలు విలువ మీద కూర్చుంటుంది.

ఒక లోటు మిగులుతుంది. యూజర్ కావాలనే ఒక ఫీల్డ్‌ను ఖాళీ చేయాలనుకుంటే ఈ పద్ధతిలో కుదరదు, ఎందుకంటే పంపకపోవడానికీ నల్ పంపడానికీ తేడా ఇక్కడ కనిపించదు. అలాంటి ఫీల్డులు ఒకటి రెండే ఉంటే వాటికి విడిగా మెథడ్ రాయండి.

7. డేటాబేస్ ఎంటిటీలైతే ఇంకొంచెం జాగ్రత్త

హైబర్నేట్ (జావా ఆబ్జెక్టులను డేటాబేస్‌లో దాచే లైబ్రరీ) వాడుతుంటే మూడు చోట్ల చూడండి.

ఐడీ కాపీ అయితే, కొత్తది అనుకుని సేవ్ చేసింది డేటాబేస్‌లోని పాత రో మీద అప్‌డేట్‌గా పడుతుంది. వెర్షన్ ఫీల్డ్ కూడా వెళ్లకూడదు.

ఐటమ్స్ లిస్ట్‌ను అలాగే కాపీ చేస్తే రెండు ఎంటిటీలు ఒకే కలెక్షన్‌ను పంచుకుంటాయి, ఒక కలెక్షన్‌కు రెండు చోట్ల రిఫరెన్సులు ఉన్నాయని హైబర్నేట్ ఎక్సెప్షన్ ఇస్తుంది. అది వచ్చిందంటే 5వ అడుగులో ఏదో తప్పింది. ఇక ఆర్ఫన్ రిమూవల్ (లిస్ట్‌లోంచి తీసేసిన ఐటమ్‌ను డేటాబేస్‌లోనూ తీసేసే సెట్టింగ్) పెట్టిన లిస్ట్‌ను అప్‌డేట్ చేసేటప్పుడు కొత్త లిస్ట్‌ను సెట్ చేయకండి. ఉన్న లిస్ట్‌నే క్లియర్ చేసి అందులోకే కొత్త ఐటమ్‌లు చేర్చండి.

లేజీగా, అంటే అడిగినప్పుడే, లోడ్ అయ్యే ఫీల్డుల గెట్టర్‌ను సెషన్ మూసుకుపోయాక కాల్ చేసి లోపలికి చూస్తే లేజీ ఇనిషియలైజేషన్ ఎక్సెప్షన్ వస్తుంది. లోపలి లిస్టులను తిరిగే కాపీ ట్రాన్సాక్షన్ లోపలే జరగాలి.

8. లిస్ట్ మొత్తాన్ని ఒకేసారి ఇవ్వకండి

సోర్స్‌గా ఒక లిస్ట్, టార్గెట్‌గా ఖాళీ లిస్ట్ ఇచ్చి కాపీప్రాపర్టీస్ కాల్ చేస్తే ఏమీ జరగదు. లిస్ట్ లోపలి ఐటమ్‌లు ప్రాపర్టీలు కావు. లూప్ తిరిగి, 4వ అడుగులో రాసిన మెథడ్‌ను ఒక్కో దానికీ కాల్ చేయండి.

9. టెస్ట్ రాయండి

నోరు మెదపని లైబ్రరీకి టెస్టే నోరు. మూడు చిన్న టెస్టులు చాలు.

మొదటిది: సోర్స్‌లో ప్రతి ఫీల్డ్‌కూ డిఫాల్ట్ కాని విలువ పెట్టండి. బూలియన్‌కు ట్రూ, అంకెలకు సున్నా కానిది. కాపీ చేసి, మీ కాగితంలోని మొదటి గుంపు సమానంగా ఉందో, రెండో గుంపు ఖాళీగా ఉందో చూడండి. బూలియన్‌ను ఫాల్స్‌గా వదిలేస్తే కాపీ కాకపోయినా టెస్ట్ పాస్ అవుతుంది, అందుకే ఆ జాగ్రత్త.

రెండోది: కాపీలో అడ్రస్‌ను, ఒక ఐటమ్ పరిమాణాన్ని మార్చండి. అసలు ఆర్డర్‌లో ఏదీ మారకూడదు. అడ్రస్‌లు రెండూ ఒకే ఆబ్జెక్ట్ కాదని కూడా సరిచూడండి.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. సోర్స్ క్లాస్ ప్రాపర్టీల పేర్లు, టార్గెట్ క్లాస్ ప్రాపర్టీల పేర్లు రెండూ బీన్‌యుటిల్స్‌తోనే తెచ్చుకుని పోల్చండి. తేడాగా ఉన్న పేర్లు మీరు ముందే ఒప్పుకున్న లిస్ట్‌లో లేకపోతే టెస్ట్ ఫెయిల్ అవ్వాలి. టైపులు కూడా పోలిస్తే ఇంకా మంచిది. ఆరు నెలల తర్వాత ఎవరో సోర్స్‌లో కొత్త ఫీల్డ్ చేర్చి టార్గెట్‌లో మర్చిపోయినప్పుడు, యూజర్ కంటే ముందు ఈ టెస్టే చెబుతుంది.

10. ఈ లైబ్రరీని పక్కన పెట్టాల్సిన చోట్లు

ఫీల్డులు నాలుగైదే ఉంటే చేత్తో రాయండి, లేదా కాపీ కన్‌స్ట్రక్టర్ పెట్టండి. చదివేవాళ్లకు అన్నీ కళ్లముందే ఉంటాయి, తప్పుంటే కంపైలర్ పట్టుకుంటుంది.

వదిలేసే పేర్ల లిస్ట్ పెరిగిపోయి, కాపీ అయ్యేవాటి కంటే వదిలేసేవే ఎక్కువైతే, ఆ రెండు క్లాసులకు అసలు పోలిక లేదన్నమాట. అక్కడా చేత్తోనే.

లక్షల ఆబ్జెక్టులను లూప్‌లో కాపీ చేయాల్సి వచ్చినా, క్లాసుల జంటలు పదుల్లో ఉన్నా మ్యాప్‌స్ట్రక్ట్ అనే లైబ్రరీ వైపు వెళ్లండి. అది రిఫ్లెక్షన్ (ప్రోగ్రామ్ నడుస్తుండగా క్లాస్ లోపలికి తొంగిచూడటం) వాడదు, కంపైల్ సమయంలోనే మామూలు గెట్టర్, సెట్టర్ కోడ్ తయారుచేస్తుంది. మ్యాప్ కాని టార్గెట్ ఫీల్డ్ ఉంటే మామూలుగా వార్నింగ్ ఇస్తుంది. అన్‌మ్యాప్డ్ టార్గెట్ పాలసీని ఎర్రర్‌గా మార్చి పెట్టండి, టార్గెట్‌లో ఒక్క ఫీల్డ్ జారిపోయినా బిల్డ్ అక్కడే ఆగిపోతుంది.